తెలియకుండా కూరలో కలిపే తాగుడు మాన్పించే పొడి: ఎవరైనా వాడారా? (అన్న గురించి, కావలి)

కావలి తమ్ముడు
అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. మా అన్నకు 42 ఏళ్ళు. రొయ్యల గుంటలు లీజుకు తీసుకొని చేసేవాడు, వరసగా వైరస్ వచ్చి పంట పోయినాక తాగుడు బాగా ఎక్కువైంది, అంతకు ముందూ తాగేవాడే గానీ సాయంత్రం పూట మాత్రమే. ఇప్పుడు పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయి, కొంచెం పడితే గానీ పళ్ళు కూడా తోముకోలేడు. ఊళ్ళోనే బెల్టు షాపు ఉంది కాబట్టి తెల్లవారుజామునే దొరుకుతుంది. వదిన పిల్లల్ని తీసుకొని ఆత్మకూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. అన్న దగ్గర అమ్మ ఒక్కతే ఉంది.

మా బంధువు ఒకాయన ఒక పొడి గురించి చెప్పాడు. పప్పులోనో పులుసులోనో కలిపి పెడితే రుచి తెలియదంట, నెల తిరక్కుండా మందు వాసన చూస్తేనే వాంతి చేసుకుంటాడంట. ఐదు వేలు అడుగుతున్నారు. అమ్మ దాదాపు ఒప్పేసుకుంది. నాకు మనసు ఒప్పడం లేదు గానీ వేరే దారి కూడా తెలియడం లేదు. వాడినవాళ్ళు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మందుల షాపు బాబాయ్
తమ్ముడూ, కలపొద్దు. అమ్మకు ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

నెల్లూరులో చాలా ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నా. ఆ పొడిలో ఏముందో పేరు రాసి ఉండదు, ఎంత మోతాదో ఉండదు, అమ్మేవాడికే తెలియకపోవచ్చు. ఉత్త ఆకుపొడి అయితే ఐదు వేలు పోతాయి, అంతే. మీ బంధువు చెప్పినట్టు తాగితే వాంతి అయ్యేటట్టుగా ఉంటే మాత్రం నా అనుమానం డైసల్ఫిరామ్ మీదికే పోతుంది. అది నిజం మందే, డాక్టర్లు రాసేదే. డెన్మార్క్‌లో 1940ల చివర్లో తాగుడు చికిత్సకు మొదలుపెట్టారు. మనం తాగిన ఆల్కహాల్ లివర్‌లో మొదట అసిటాల్డిహైడ్ అవుతుంది, అది విషం లాంటిది, మామూలుగా వెంటనే విరిగిపోతుంది. ఈ మాత్ర ఆ విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది. దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు, తలపోటు, బీపీ పడిపోవడం, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకైతే ప్రాణం మీదికే వస్తుంది. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు.

ఇప్పుడు మీ అన్న సంగతి చూడు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒంట్లో ఆల్కహాల్ ఉన్న మనిషి. అలాంటి మనిషికి ఆ మందు పప్పులో కలిపి పెడితే ఏమవుతుంది? మత్తులో ఉన్నవాడికి గానీ, రోగికి పూర్తిగా తెలియకుండా గానీ ఎప్పుడూ ఇవ్వకూడదని ఆ మందు హెచ్చరికలో పెట్టె కట్టి మరీ రాసి ఉంటుంది.

చీమకుర్తి అబ్బాయి
ఇంత రభస ఎందుకు అన్నా. మనిషికి పౌరుషం ఉండాలి. మా నాయన అయ్యప్ప మాల వేసుకున్నాడు, 41 రోజులు ముట్టుకోలేదు, తర్వాత కూడా మానేశాడు. మీ అన్నను కూడా గదిలో పెట్టి నాలుగు రోజులు తాళం వేయండి, వణుకు అదే పోతుంది.

నెల్లూరు పీజీ
నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. పై పోస్టులో గదికి తాళం వేయమన్న మాట దయచేసి ఎవరూ పాటించొద్దు.

లేవగానే చేతులు వణకడం, తాగితే తగ్గడం: అది పౌరుషానికి సంబంధించింది కాదు, ఒళ్ళు ఆల్కహాల్‌కి అలవాటుపడిపోయిందని గుర్తు. అలాంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చెమటలు, దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండో మూడో రోజు నుంచి మతి చలిస్తుంది, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో చంపడానికి వస్తున్నారంటారు, ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టరు, జ్వరం, బీపీ పెరుగుతాయి. డెలీరియం ట్రెమెన్స్ అంటాం దాన్ని. వైద్యం అందకపోతే చనిపోతారు. ఊళ్ళల్లో దాన్ని గాలి సోకిందనో, పిచ్చి పట్టిందనో అనుకొని దర్గాకో గుడికో తీసుకెళ్ళి, చివరికి మా దగ్గరికి చేరేసరికి ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యం చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే దీనికి మందులు ఉన్నాయి, ఖరీదైనవి కూడా కావు. క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటివి కొన్ని రోజులు ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ వస్తే ఎక్కువ మంది క్షేమంగా గట్టెక్కుతారు.

ఇంకొకటి. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తుంటారు. ఏళ్ళ తరబడి తిండి సరిగా లేక తాగేవాళ్ళకు బి1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, ఒకసారి జ్ఞాపకశక్తి పోతే మళ్ళీ పూర్తిగా రాకపోవచ్చు. ముందు థయమిన్ ఇచ్చారా అని అడగండి, అడిగితే తప్పు లేదు.

మాల గురించి: మాల వేసుకొని మానినవాళ్ళు ఉన్నారు, నేను కాదనను. చుట్టూ స్వాములు, పొద్దున్నే స్నానం, పూజ, ఇంట్లో గౌరవం, తాగే స్నేహితులు దూరం, ఇవన్నీ చికిత్సలో కూడా మేము కావాలని కోరుకునేవే. కానీ తెల్లారే తాగేవాడు మాల వేసిన రోజే ఆపేస్తే రెండో రోజుకి ఫిట్స్‌తో వస్తాడు. డాక్టర్ దగ్గర వణుకు తగ్గించుకొని, ఆ తర్వాత మాల వేసుకుంటే రెండూ కలిసొస్తాయి.

చీమకుర్తి అబ్బాయి
ఫిట్స్ సంగతి నాకు తెలియదు మేడమ్. మా నాయన సాయంత్రం తాగేవాడే, పొద్దున వణికేది లేదు. తేడా అర్థమైంది.

ఒంగోలు అక్క
కావలి తమ్ముడికి. నా భర్త మానేసి చాలా ఏళ్ళైంది. ఆయన వేసుకున్నది బాబాయ్ చెప్పిన ఆ డైసల్ఫిరామ్ మాత్రే. కానీ మా ఇంట్లో అది దొంగచాటుగా జరగలేదు. ఆసుపత్రిలో చేరి వణుకు తగ్గి, రక్త పరీక్షలు అయ్యాక డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి తాగితే ఏమవుతుందో ఆయనకే వివరంగా చెప్పింది. ఒప్పుకుంటూ ఆయన సంతకం చేశాడు. రోజూ పొద్దున కాఫీ అయ్యాక నా ముందు మాత్ర వేసుకునేవాడు, నేను "మంచిది" అనేదాన్ని, అంతే. తనిఖీ చేసినట్టు నోరు తెరువు అనలేదు. అది డాక్టరమ్మే నేర్పింది, ఆ రెండు నిమిషాలు గొడవ పెట్టుకునే సమయం కాకూడదని.

ఆయన తర్వాత ఒకసారి నాతో అన్నాడు, సాయంత్రం షాపు ముందు నుంచి వస్తుంటే "ఇవాళ మాత్ర వేసుకున్నాను కాబట్టి ఇక ఆలోచించే పనే లేదు" అని అనిపించేదంట. రోజంతా మనసులో జరిగే యుద్ధం పొద్దునే ముగిసిపోయేదంట. తెలియకుండా పెడితే ఆ మేలు ఎలా వస్తుంది చెప్పు?

మార్కాపురం పలక
అక్క చెప్పిన చివరి మాటే పరిశోధనల్లోనూ తేలింది. నేను సోషల్ వర్క్‌లో పీజీ చేశాను, నా ప్రాజెక్టు ఈ విషయం మీదే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

డైసల్ఫిరామ్ మీద అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 605 మంది మగవాళ్ళతో పెద్ద ట్రయల్, అంటే మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష, చేశారు, ఫుల్లర్ బృందం, 1986లో వచ్చింది. కొందరికి అసలు మోతాదు 250 మిల్లీగ్రాములు, కొందరికి పనిచేయనంత తక్కువగా ఒక్క మిల్లీగ్రాము, కొందరికి ఆ మందు లేదు. ఏడాది పూర్తిగా మానేసినవాళ్ళ విషయంలో మూడు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే మందు పనికిరాదనా? కాదు. 2014లో స్కిన్నర్ అనే పరిశోధకురాలి బృందం 22 ట్రయల్స్‌ను కలిపి లెక్కేసింది. తాను ఏ మాత్ర వేసుకుంటున్నాడో రోగికి తెలియని ట్రయల్స్‌లో లాభం కనపడలేదు. తెలిసిన ట్రయల్స్‌లో మాత్రం స్పష్టంగా కనపడింది. ఎందుకంటే డైసల్ఫిరామ్ మద్యం మీద కోరికను తగ్గించదు. "తాగితే నాకు ప్రమాదం" అని తెలిసి ఉండటమే ఇందులో చికిత్స. తెలియకుండా కలిపారంటే మందులోని మేలు మొత్తం తీసేసి ప్రమాదం ఒక్కటే పళ్ళెంలో పెట్టినట్టు.

గూడూరు మైకా
అమెరికా లెక్కలు మన ఊరికి సరిపోతాయా అండీ? అక్కడ వాళ్ళ కుటుంబాలు వేరు, మన కుటుంబాలు వేరు.

మార్కాపురం పలక
అడగాల్సిన ప్రశ్నే. మన దేశంలో చేసినవే రెండు చెబుతా.

ముంబైలో డిసౌజా అనే డాక్టర్లు 100 మంది మగవాళ్ళతో ఏడాది పాటు డైసల్ఫిరామ్‌నీ, నాల్‌ట్రెక్సోన్ అనే ఇంకో తాగుడు మాన్పించే మందునీ పోల్చారు, 2004లో ప్రచురించారు. మందు వేయించే బాధ్యత ఇంట్లోవాళ్ళు తీసుకున్నారు. డైసల్ఫిరామ్ వాడినవాళ్ళలో 86 శాతం మంది, నాల్‌ట్రెక్సోన్ వాడినవాళ్ళలో 44 శాతం మంది తాగకుండా నిలబడ్డారు. ఇది చూసి డైసల్ఫిరామ్ అందరికీ గొప్పదని ఎగరకూడదు, అక్కడ చేరినవాళ్ళంతా ఇంటి అండ ఉన్నవాళ్ళు, ఎవరికి ఏ మందో అందరికీ తెలుసు. పైగా తాగాలనే కోరికను నాల్‌ట్రెక్సోన్ కొంత తగ్గిస్తుందని ఆ ట్రయల్‌లోనే తేలింది. నాకు ఇందులో ముఖ్యం అనిపించేది ఒక్కటే, ఇంట్లోవాళ్ళు దాచకుండా పక్కన నిలబడితే మందుకు బలం వస్తుంది.

రెండోది గోవాలో. విక్రమ్ పటేల్, అభిజిత్ నాడ్కర్ణి వాళ్ళు సంగత్ అనే సంస్థతో చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే 377 మంది మగవాళ్ళు. డాక్టర్లు కాదు, మామూలు చదువుకున్న వాళ్ళకు శిక్షణ ఇచ్చి నాలుగు విడతల లోపు కౌన్సెలింగ్ చేయించారు. మూడు నెలలకు అడిగితే, గడిచిన రెండు వారాల్లో అసలు తాగనివాళ్ళు ఆ గుంపులో 42 శాతం, మామూలు వైద్యం అందినవాళ్ళలో 18 శాతం. ఈ మాదిరి పని మన పీహెచ్‌సీల్లో ఎందుకు జరగదో నాకు అర్థం కాదు, ఆశా వర్కర్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు కదా. అయితే అందులో చేరినవాళ్ళు తాగుడు ముదురుతున్న దశలోనివాళ్ళు, పూర్తిగా బానిసైనవాళ్ళు కారు. కాబట్టి తమ్ముడూ, మీ అన్నకు ఇది ఒక్కటే సరిపోదు. ఇంకో సంగతి, ఆ ట్రయల్‌లో తాగుడు తగ్గింది గానీ భార్యల మీద హింస తగ్గినట్టు తేలలేదు. తాగుడు మానితే అన్నీ సర్దుకుంటాయి అని మీ వదినకు మాత్రం మాట ఇవ్వకండి.

దూబగుంట మనవరాలు
మా అమ్మమ్మ సారా ఉద్యమంలో తిరిగిన మనిషి. రాత్రి బడిలో చదువుకుంటూ సారా షాపు మూయించారు, ఆ నిప్పే నెల్లూరు జిల్లా అంతా అంటుకొని 1992లో సారా వేలం పాటలు ఆపించారు, ముందు నిలబడిన దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం, 1997లో ఎత్తేశారు. ఇవాళ మళ్ళీ ఊరూరా బెల్టు షాపు, క్వార్టర్ 99 రూపాయలకు వస్తోంది. షాపు ఇంటి ముందు పెట్టి మందులు, కౌన్సెలింగ్ అంటే ఎలా? అసలు మూల కారణం దొరకడమే కదా.

మందుల షాపు బాబాయ్
దొరకకూడదు అన్న మాట నిజమే అమ్మా, ధర పెరిగి దూరం పెరిగితే తాగేవాళ్ళు తగ్గుతారు, ముఖ్యంగా కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్ళు. కానీ ఇప్పటికే బానిసైనవాడికి ఒక్కసారిగా దొరక్కపోతే ఏం జరుగుతుందో మన ప్రకాశం జిల్లా కురిచేడులోనే చూశాం. 2020 జులై చివర, లాక్‌డౌన్‌లో షాపులు మూసి ఉంటే శానిటైజర్ తాగి పదిమంది పైన చనిపోయారు. ఎవరో లోకం తెలియని వాళ్ళు కాదు, మన మాదిరి ఊరివాళ్ళే. షాపు మూయించే రోజునే ఆసుపత్రి తలుపు తెరిచి ఉండాలి.

దూబగుంట మనవరాలు
ఒప్పుకుంటాను బాబాయ్. అమ్మమ్మ కూడా అదే చెప్పేది, షాపు మూసినాక వణికే మగవాళ్ళను ఎక్కడికి తీసుకెళ్ళాలో ఊళ్ళో ఎవరికీ తెలిసేది కాదంట. ఆడవాళ్ళు షాపుతో పోరాడారు, ఇంట్లో మంచాన పడ్డవాడితో ఏం చెయ్యాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అయినా షాపు సంగతి వదలొద్దు అంటాను. రెండూ కావాలి.

నెల్లూరు పీజీ
తలుపు తెరిచి ఉండటం అంటే గుర్తొచ్చింది. ఎయిమ్స్ వాళ్ళ జాతీయ సర్వే 2019లో వచ్చింది. దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం తీసుకున్నది 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్ళంతా ఇలాంటి పొడులకీ నాటు పసర్లకీ తాళం వేసిన గదులకీ పోతున్నారు.

ఉలవపాడు
నేను ఒకప్పుడు తాగినవాణ్ణి, ఇప్పుడు తాగను. ఒక ప్రైవేట్ సెంటర్‌లో నన్ను నిద్రలో ఉన్నప్పుడు జీపులో వేసుకొని తీసుకెళ్ళారు, కాలికి గొలుసు వేశారు, మూడు నెలలు ఉంచారు. బయటికొచ్చిన సాయంత్రమే తాగాను, కోపంతో తాగాను. ఇంట్లోవాళ్ళ మీద ఆ కోపం పోవడానికి చాలా కాలం పట్టింది. తమ్ముడూ, అన్నకు తెలియకుండా ఏదీ చెయ్యొద్దు. పొడి కూడా అలాంటిదే, ఒకరోజు తెలుస్తుంది, ఆ రోజు నుంచి అమ్మ చేతి అన్నం కూడా తినడు.

నాకు పనికొచ్చింది ఏఏ మీటింగు, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలిసే సంఘం. ముందు ఒప్పుకోలేదు, మొదటి రోజు వెనక కుర్చీలో కూర్చున్నా. అక్కడ నన్ను ఎవరూ తిట్టలేదు, నాలాంటి కథే ఇంకొకాయన చెబుతుంటే ఏడుపొచ్చింది.

మార్కాపురం పలక
అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఆగిపోయాను. గొలుసు వేయడం చట్టం ప్రకారం నేరం. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి, గొలుసులు వేయడాన్ని అందులో స్పష్టంగా నిషేధించారు. సెంటర్‌కి రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టర్ రోజూ వస్తారా, ఇంట్లోవాళ్ళు చూడటానికి రానిస్తారా అని అడిగి, తడబడితే వెనక్కి వచ్చేయండి.

ఏఏ గురించి కూడా, నమ్మకంతో చెప్పే మాట అనుకునేవాళ్ళ కోసం: 2020లో కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే సంస్థ చేసింది) 27 అధ్యయనాలు, పది వేల మందికి పైగా లెక్క చూసింది. ఏఏకి వెళ్ళేలా పద్ధతిగా ప్రోత్సహిస్తే, ఏడాది తర్వాత పూర్తిగా మానేసినవాళ్ళు మిగతా చికిత్సల కంటే కొంచెం ఎక్కువే, 42 శాతం, అవతల 35.

ఇక తమ్ముడు అడగని ప్రశ్న ఒకటుంది, అన్న రానంటే ఏం చెయ్యాలి అని. దీని మీద న్యూ మెక్సికోలో మిల్లర్, మేయర్స్ వాళ్ళు 1999లో చేసిన పని నాకు చాలా ఇష్టం. తాగేవాడు చికిత్సకు రానంటున్న 130 మంది ఇంటివాళ్ళను తీసుకొని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి అల్-అనాన్ (తాగేవాళ్ళ ఇంటివాళ్ళ సంఘం) పద్ధతి, ఒక గుంపుకి అందరూ కలిసి ఒకరోజు ఎదురుగా నిలదీసే పద్ధతి, మూడో గుంపుకి క్రాఫ్ట్ అనే శిక్షణ. తాగేవాడు చికిత్సకు వచ్చింది మొదటి దాంట్లో 13 శాతం, నిలదీసిన దాంట్లో 30, క్రాఫ్ట్‌లో 64. అల్-అనాన్ ఉద్దేశం ఇంటివాళ్ళకు మనశ్శాంతి, తాగేవాడిని తీసుకురావడం కాదు, కాబట్టి దాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. కానీ ఆ 64 ఎలా వచ్చిందో చూడండి. తాగి ఉన్నప్పుడు వాదన పెట్టుకోరు. తాగని పూట ఉంటే ఆ పూట దగ్గర కూర్చుంటారు, ఇష్టమైంది వండుతారు, పిల్లలతో మాట్లాడిస్తారు. తాగి చేసిన పాడును వెనకే తిరిగి శుభ్రం చేయరు, అప్పులు తీర్చరు, బాస్‌కి అబద్ధం చెప్పరు. కొడితే ఎక్కడికి వెళ్ళాలో ముందే అనుకొని పెట్టుకుంటారు. అన్నకే బాధ కలిగిన రోజు, ఏదైనా పోగొట్టుకున్న రోజు, అదే అదను, "రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దామా" అని ఒక్క ప్రశ్న. సరేనంటే వెంటనే వెళ్ళడానికి ఓపీ సంగతి ముందే కనుక్కొని ఉంచుకుంటారు.

కావలి తమ్ముడు
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ దండం. పొడి వద్దని అమ్మకు చెప్పాను. అమ్మ మొదట అలిగింది, ఒంగోలు అక్క రాసింది చదివి వినిపిస్తే ఒప్పుకుంది. ఇవాళ అన్న మధ్యాహ్నం దాకా తక్కువే తాగాడు, చేపల పులుసు చేసి అమ్మ పక్కన కూర్చుంది. నేను ఫోన్‌లో అడిగాను. వస్తాను గానీ కట్టేసే చోటుకైతే రాను అన్నాడు. పిల్లలతో మాట్లాడిస్తావా అని అడిగాడు. నెల్లూరు పెద్దాసుపత్రికి సోమవారం తీసుకెళ్దామనుకుంటున్నా. ఏమేం తీసుకెళ్ళాలి? రేపటి నుంచే ఆపించాలా?

నెల్లూరు పీజీ
ఆపించొద్దు. సోమవారం దాకా ఇంట్లో మీరుగా మాన్పించే ప్రయత్నం చేయకండి, ఎక్కువ తాగకుండా చూసుకుంటూ కడుపుకి అన్నం పడేటట్టు చూడండి. మధ్యలో ఫిట్స్ వచ్చినా, మతి చలించినట్టు మాట్లాడినా సోమవారం కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి క్యాజువాల్టీకి తెచ్చేయండి. పొద్దున్నే ఓపీకి రండి, సైకియాట్రీ అని చెప్పి చీటీ రాయించుకోండి. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో దాచకుండా చెప్పండి, మందు మోతాదు దాని మీదే ఉంటుంది. ఇంతకు ముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, బీపీ, షుగర్ మాత్రలు వాడుతున్నాడా, పాత రిపోర్టులు ఉంటే అవీ. ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు. పక్కన ఉండటానికి ఒకరు.

డైసల్ఫిరామ్ గురించి మొదటి రోజే అడగకండి. వణుకు తగ్గి, లివర్, గుండె పరీక్షలు చూసి, అన్నే ఒప్పుకుంటే అప్పుడు డాక్టర్ నిర్ణయిస్తారు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే అది కుదరదు, వేరే మందులు ఉన్నాయి. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14446కి చేయండి, మత్తు వ్యసనాల కోసం ఉన్న ఉచిత నంబర్. అమ్మకో వదినకో మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ఇంటికి పంపాక మళ్ళీ తాగాడనుకోండి, అంతా వృథా అయిందని అనుకోవద్దు, మళ్ళీ తీసుకురండి. మెక్‌లెల్లన్ అనే అమెరికా పరిశోధకుడి బృందం 2000లో లెక్క చూపించింది, చికిత్స తర్వాత ఏడాదిలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ మొదలుపెడతారు, బీపీ, ఆస్తమా రోగులు మందులు ఆపి మళ్ళీ ఆసుపత్రికి రావడం కూడా దాదాపు అంతే. బీపీ రోగి మళ్ళీ వస్తే మేము తిట్టం కదా.

వదినను మొదటి రోజే రమ్మని బలవంతం చేయకండి. అన్న వణుకు తగ్గి తేరుకున్నాక, ఆమెకు ఇష్టమైతే, ఆమెతో విడిగా కూడా మాట్లాడమని డాక్టర్‌ని అడగండి.